పురుగుమందు లైసెన్సు అద్దెకిచ్చే సరుకా?

మా మండలంలో ఒక పురుగుమందుల కొట్టుంది. గోడకి అద్దాల పటంలో లైసెన్సు వేలాడుతుంది. దానిమీద పేరున్న మనిషిని ఆ కొట్లో నేను ఒక్కనాడూ చూడలేదు. బీయస్సీ చదివిన కుర్రాడట, పట్నంలో వేరే ఉద్యోగం. ఏడాదికింత అని పుచ్చుకుని సర్టిఫికెట్టు ఇచ్చాడు. కొట్టు నడిపేది వడ్డీవ్యాపారి బామ్మర్ది.

"ఇందులో నీకొచ్చిన నష్టమేంటయ్యా?" అని ఒక పెద్దరైతు నన్నడిగాడు. నష్టం పంపు మోసేవాడిది. అప్పుమీద తెచ్చుకునే రైతు వ్యాపారి అంటగట్టిందే తీసుకోవాలి. రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపి, మూతికి గుడ్డయినా లేకుండా మిరపచేలో పొద్దంతా కొట్టేది మన కూలీ. వాడు చేలో పడిపోతే డాక్టరు ముందడిగేది "ఏం మందు కొట్టాడు?" అని. చేతిలో బిల్లుండదు. కేసు పెడదామంటే లైసెన్సుదారు "నేనక్కడ లేనే" అంటాడు, అమ్మినవాడు "లైసెన్సు నాది కాదు" అంటాడు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందులు కొడుతూ ఇరవైమందికి పైగా చనిపోయారు.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1958లో కేరళలో పారథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చచ్చిపోతే, విచారణ జరిగి, పదేళ్లకి 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. అమ్మే ప్రతి చోటుకీ వేరే లైసెన్సుండాలి, అది జనానికి కనపడేలా పెట్టాలి. 2015లో అమ్మేవాడికి చదువు కూడా వుండాలన్నారు. చదువు అద్దెకి దొరుకుతుందని వాళ్లకి తట్టలేదు కాబోలు!

చదువులేని చిన్న వ్యాపారి బతకొద్దా అంటారు కొందరు. నేనే ఆరో తరగతితో ఆపినవాణ్ణి, చదువు రానివాణ్ణి తక్కువచేసి మాట్లాడను. కానీ హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లోనే డీలర్లకోసం ఏడాది డిప్లొమా పెట్టింది. నేర్చుకునే దారి వుంది. అద్దె కట్టే డబ్బుతో తనే నేర్చుకోవచ్చు గదా!

తనిఖీకొచ్చే అధికారి కాగితం చూసి పోతాడు, మనిషిని చూడడు. మనిషిని చూడమనే మేమడిగేది.

పోయినవారం పదిమందిమి ఆ కొట్టుకెళ్లాం. పటంలో పేరు గట్టిగా చదివి, "ఈయన్ని పిలవండి" అన్నాం. ఆయన పటం తీసి లోపల పెట్టేశాడు. ఆ సంగతి కూడా అర్జీలో రాసి, వ్యవసాయాధికారి చేతికిచ్చి రసీదు తీసుకున్నాం.