హార్వెస్టర్ వచ్చింది, కంచంలో అన్నం తగ్గలేదు!

నడిగూడెం అన్నలారా, అక్కలారా!

సాగర్ ఎడమ కాలువ పారినప్పటి నుంచి మన ఇళ్లల్లో అన్నానికి కొదవ లేదు. అన్నం మానమని చెప్పే కాయితం కాదిది. అడిగేది ఒక్కటే: కొడవలి పట్టి కోసిన రోజుల్లో తిన్నంత, ఇప్పుడు గట్టు మీద నిలబడి హార్వెస్టర్‌ను చూస్తూ కూడా ఎందుకు తింటున్నాం?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. కూర్చుని పనిచేసే 65 కిలోల మగమనిషికి రోజుకు 2,110 కేలరీలు, 55 కిలోల ఆడమనిషికి 1,660 చాలు. అదే బరువున్న అక్క రోజంతా ఒళ్లు వంచి కాయకష్టం చేస్తే 2,720 కావాలి. ఆమె కంచంలో మెతుకు తగ్గించమని ఎవరన్నా వినొద్దు. తగ్గాల్సింది కొట్లో కూర్చున్నవాళ్లకు, బండి దిగనివాళ్లకు.

వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు. మూడు పూటలా కలిపి అరకిలో బియ్యపు అన్నం తింటే అక్కడికే 1,750! కూరలో నూనె, చాయ్‌లో చక్కెర ఇంకా లెక్కలోకి రాలేదు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన రేషన్ సన్నబియ్యం మనిషికి నెలకు ఆరు కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. కూర్చునే పనికి అది సరిపోయే కొలతే. దాని మీద మర పట్టించుకునేదే పొట్టకు చేరుతోంది.

పస్తులు అక్కర్లేదు. రోజుకు 500 కేలరీలు తగ్గితే వారానికి సుమారు అరకిలో దిగుతారు. బియ్యం 70 గ్రాములు తగ్గిస్తే 250, నూనె రెండు చెంచాలు తగ్గిస్తే 90, మూడు చాయ్‌లలో చక్కెర మానేస్తే 120 దాకా. మిగతాది కాలువ కట్ట మీద నడక. ఆకలైతే తోటకూర, బీరకాయ ఎక్కువ వేసుకోండి. పప్పు మాత్రం తగ్గించొద్దు. బరువు దిగాక మళ్లీ పాత కంచం ముందు కూర్చుంటే పాత బరువే వస్తుంది, ఎందుకంటే తేలికైన ఒంటికి కేలరీలూ తక్కువే కావాలి. నెలకు పది కిలోలు దింపుతామని పొడి డబ్బాలు అమ్మేవాళ్లను గుమ్మం తొక్కనీయకండి.

సుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే అన్నం తగ్గించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ జోలికే రావద్దు.

ఈ రాత్రే టేపు తీయండి. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే రేపే మొదలు. వండే బియ్యాన్ని ఒక్కసారి కిరాణా కొట్టు కాటా మీద తూచండి. ఈ కాయితం వెనకవైపు ఖాళీగా వదిలాం: వారం పాటు ఇంట్లో ఖర్చయిన బియ్యం, నూనె అక్కడ రాసి, మీ వాడ ఆశా కార్యకర్తకు చూపించండి.