ఎడమకాలికి ఓపిక కావాలి

నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి యాచారం వైపు వెళుతుంటే దారికి రెండు పక్కలా వెంచర్లు కనిపిస్తాయి. హద్దురాళ్లు పాతారు, రోడ్లు వేశారు, ఇళ్లు మాత్రం ఇంకా లేవలేదు. ఓ ఆదివారం పొద్దున అక్కడ ఇలాంటి దృశ్యం ఒకటి ఊహించుకోండి. రెండు తలుపులు, రెండే సీట్లున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు. ముందూ వెనకా ‘ఎల్’ బోర్డు. స్టీరింగ్ ముందు పంతొమ్మిదేళ్ల కుర్రాడు. పక్క సీట్లో, ముప్ఫై ఏళ్లు లారీ తోలిన చిన్నాయన. ఆయన కుడిచెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదే ఉంది.

కారు కప్పలా ఎగిరింది. రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది.

‘‘బండి ఖరాబైనట్టుంది చిన్నాయనా!’’

‘‘బండికేం గాలేదు బిడ్డా. నీ ఎడమకాలికే తొందరెక్కువైంది. మెల్లగ వదులు.’’

గేర్ల కారు నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. స్పోర్ట్స్ కారైనా, మారుతి 800 అయినా మొదటి పాఠం అదే. తేడా అల్లా... తప్పు చేస్తే పడే శిక్షలోనే!

సారె మీద చెయ్యి

ఇంతకీ ఆ పెడల్ కింద జరిగేదేమిటి? ఇంజిన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. ఆగి ఉన్న కారులో చక్రాలు తిరగకూడదు. ఈ రెంటినీ కలిపేది, విడదీసేది క్లచ్. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే ప్లేటు విడిపోతుంది. వదిలితే అతుక్కుంటుంది.

తిరుగుతున్న కుమ్మరి సారె మీద అరచెయ్యి ఆనిస్తే ముందు జారుతుంది. కాస్త నొక్కితే సారె చేతిని లాక్కుపోవాలని చూస్తుంది. గట్టిగా పట్టేస్తే... సారె ఆగిపోనన్నా పోవాలి, చెయ్యన్నా దాంతోపాటు పోవాలి. క్లచ్ సంగతీ అంతే. జారుడుకీ పట్టుకీ మధ్య కొద్దిపాటి చోటు ఉంటుంది. మనవాళ్లు దాన్నే ‘హాఫ్ క్లచ్’ అంటారు. డ్రైవింగ్ విద్య సగం అక్కడే ఉంది.

ఆ చోటు ఏ కారులో ఎక్కడుందో పుస్తకం చూసి చెప్పలేం, కాలికే తెలియాలి. అందుకే చదునైన ఖాళీ స్థలంలో ఆక్సిలరేటర్ జోలికి పోకుండా, మొదటి గేర్లో క్లచ్‌ని మాత్రమే వెంట్రుకవాసి చొప్పున వదలమంటారు అనుభవజ్ఞులు. కారు ముక్కు కాస్త లేచినట్టవుతుంది. ఇంజిన్ గొంతు మారుతుంది. అక్కడ కాలు ఆపాలి. అలా పదిసార్లు, ఇరవైసార్లు చేస్తే పాదం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

గుర్రం తేడా

‘క్లచ్ ఒకటే అయినప్పుడు ఏ కారైతేనేం?’ అనిపించవచ్చు. ఇక్కడే తిరకాసు. కొన్ని స్పోర్ట్స్ ఇంజిన్లలో ఫ్లైవీల్ తేలిగ్గా ఉంటుంది. రేజ్ ఎంత చప్పున ఎక్కుతుందో అంత చప్పున పడిపోతుంది. కాలు తడబడితే ఇంజిన్ ఆగిపోతుంది. ఎక్కువ శక్తిని పట్టి ఉంచాలి కాబట్టి క్లచ్ స్ప్రింగూ గట్టిగా ఉండొచ్చు. గంటసేపటికే పిక్కలు లాగేస్తాయి. భయపడి రేజ్ ఎక్కువ ఇచ్చి క్లచ్ వదిలేస్తే చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి పక్కకి కొట్టుకుపోతుంది. మామూలు చిన్న కారులో ఇదే తప్పు చేస్తే ఓ కుదుపు, కాస్త నవ్వులపాటు. అంతటితో సరి.

ఇంతకన్నా ఖరీదైన తప్పు మరొకటుంది. అయిదో గేరు నుంచి నాలుగుకి రావాల్సినవాడు కంగారులో రెండులో వేశాడనుకోండి. చక్రాల వేగం ఇంజిన్‌ని దాని శక్తికి మించి తిప్పేస్తుంది. ఇంజిన్ మరీ వేగంగా తిరక్కుండా ఆపే ఏర్పాటు కార్లలో ఉంటుంది నిజమే. కానీ అది ఇంధనాన్ని ఆపగలదు, చక్రాలను ఆపలేదు కదా! పిస్టన్లు వాల్వులకి తగిలి ఇంజిన్ మొత్తం పాడైపోవచ్చు. దాంతోపాటు చక్రాలూ జారి బండి అదుపు తప్పొచ్చు. గేరు రాడ్డుని గట్టిగా గుప్పిట పట్టకుండా, అరచేత్తో నెమ్మదిగా నెట్టమని పెద్దలు చెప్పేది అందుకే.

పాతకాలపు లారీ డ్రైవర్లకు ఈ మర్యాద ఇంకా బాగా తెలుసు. గేర్ల వేగాలను తనంతట తానే సమం చేసే ‘సింక్రోమెష్’ ఏర్పాటు 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో వచ్చింది. అది లేని బళ్లలో గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ‘డబుల్ క్లచ్’ అనేది దాన్నే. ఇంజిన్ చప్పుడు విని సరైన క్షణం పట్టుకోవాలి. లేకపోతే కరకరమంటూ గేర్లు అరుస్తాయి.

పందెం కార్లే వదిలేశాయి!

విచిత్రం ఏమిటంటే, మనం మోజుపడే ఈ విద్యని పందెం కార్లు ఎప్పుడో పక్కన పెట్టాయి. 1989లో బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో నైజల్ మాన్సెల్ నడిపిన ఫెరారీలో గేర్లు స్టీరింగ్ వెనక మీటలతో మారాయి. మొదటి పందెంలోనే ఆ కారు గెలిచింది. 1997లో ఫెరారీ ఎఫ్355తో ఆ మీటలు రోడ్డు కార్లలోకీ వచ్చాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు దూసుకుపోయాయి. ఆ కరెంటు కార్లలో మార్చడానికి గేర్లే లేవు!

అయినా మోజు చావలేదు. 2013లో పోర్షే తన 911 జీటీ3ని ఆటోమేటిక్‌గా మాత్రమే తెస్తే అభిమానులు నొచ్చుకున్నారు. 2016లో ఆరు గేర్ల మాన్యువల్‌తో 911 ఆర్ అనే కారుని 991 మాత్రమే తయారుచేసింది. ఆ మరుసటి ఏడాది జీటీ3లోనూ మాన్యువల్ తిరిగొచ్చింది. మన దేశంలోనూ బెంగళూరు కంపెనీ ఒకటి 1990ల చివర్లో ‘శాన్ స్టార్మ్’ పేరుతో రెండు సీట్ల కారు తెచ్చింది. దాని ఇంజిన్ 1.2 లీటర్లే. కారులో సరదాకి కొండంత శక్తి అక్కర్లేదని అది చెప్పకనే చెప్పింది.

లైసెన్సు ఒకటే... బాధ్యత?

మన చట్టంలో ద్విచక్ర వాహనాలకు గేర్లున్నవీ లేనివీ వేర్వేరు తరగతులు. కార్లకు ఆ తేడా లేదు. ఆటోమేటిక్‌లో పరీక్ష పాసైనవాడు మర్నాడే అయిదు గేర్ల కారెక్కినా లైసెన్సు అడ్డుచెప్పదు. బ్రిటన్‌లో అలా కుదరదు. అక్కడ ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. గేర్ల కారు కావాలంటే మళ్లీ పరీక్షే. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లే మన పిల్లలకు ఇక్కడ నేర్చుకున్న క్లచ్ అలా అక్కరకొస్తుంది.

చట్టం అడగని ప్రశ్న కాబట్టి, అడగాల్సింది ఇంట్లోవాళ్లే. లెర్నర్స్ లైసెన్సు చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే పక్కా పరీక్షకు వెళ్లాలి. అప్పటిదాకా పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాల్సిందే. పద్దెనిమిది నిండని పిల్లాడికి తాళాలిచ్చి నేరం జరిగితే 2019 సవరణ చట్టం ప్రకారం పెద్దలకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకూ జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. కానీ అసలు భయం జరిమానా గురించి కాదు. సాగర్ రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీకి, ఆ కుర్రాడు కారు నేర్చుకుని ఎన్నాళ్లయిందో తెలియదు కదా!

అందుకే వరస ముఖ్యం. ముందు చిన్న కారు, ఖాళీ స్థలం. తర్వాత ఎత్తు మీద బండిని ఆపి, వెనక్కి జారకుండా కదిలించడం. ఆ తర్వాత ఊరి రోడ్డు. అప్పుడూ చేతికి కాలికి తడబాటు లేదనుకుంటేనే పెద్ద ఇంజిన్.

ఎత్తుకు ఆ చుట్టుపక్కల కొదవలేదు. సాగర్ నుంచి హైదరాబాద్‌కు వచ్చే కృష్ణా నీళ్లను పంపులతో గున్‌గల్ దాకా ఎక్కించి, అక్కణ్నుంచి పల్లానికి వదులుతారు. అంటే నేలే వాలుగా ఉందన్నమాట.

మన కుర్రాడూ అలాంటి ఓ వాలు మీదే ఆగి ఉన్నాడు. చెమట తుడుచుకున్నాడు.

‘‘వంద మీద ఎప్పుడు పోనిస్తవ్ చిన్నాయనా?’’

‘‘వంద మీద పోవుడు కుడికాలి పని బిడ్డా, అది ఎవలైన చేస్తరు. ముందుగాల జారకుంట లేపు, జూస్త.’’

క్లచ్ మెల్లగా పైకొచ్చింది. కారు ముక్కు లేచింది. ఇంజిన్ గొంతు మారింది. కాలు అక్కడే నిలిచింది. ఎర్ర కారు వెంట్రుకవాసి కూడా వెనక్కి జారకుండా వాలు ఎక్కడం మొదలుపెట్టింది.

అప్పుడు తీశాడు చిన్నాయన, హ్యాండ్ బ్రేక్ మీంచి చెయ్యి.