అద్దె సైకిలు

మా పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల మమ్ము కలిసి, ఫుట్‌బాల్ క్రీడాకారులకు మేనేజరు కాదలచినానని చెప్పినాడు. ఉయ్యూరు వైపు ఒక పల్లెలో నిరుపేద కుర్రవాణ్ణి చూచినాడట. ఆ పిల్లవాడు చెప్పినట్లు బంతి వింటుందట. ఒప్పందం, శాతం, అన్నీ లెక్కలు వేసి ఉంచినాడు. 2023 నుండి ఫిఫా మళ్ళీ ఏజెంట్లకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తున్నది, దానికి చదువుతున్నాడు. సంతోషమే. కాని ఆ కుర్రవాడు సాధనకై బెజవాడకు రావడానికి బస్సు ఛార్జీ ఎవరిస్తారని అడిగితే తల వంచుకొన్నాడు.

సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ అతనికి చెప్పినాము. బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసుల పాత బూట్ల తోలుతో కుట్టించుకొన్న బాలుడతడు. సయ్యద్ అబ్దుల్ రహీం అతని ఆట చూచి హైదరాబాదుకు సాధనకు రమ్మన్నారు. అంత దూరం రాలేనన్నాడు బలరాం. రహీం సాహెబు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. సైకిలు అద్దెకు రోజుకొక రూపాయి ఇచ్చినారు. రహీం స్వయంగా బడి ఉపాధ్యాయులు. ఈ మాట చెప్పడంలో మాకు కొంత స్వార్థమున్నదని ఒప్పుకొంటున్నాము.

ఆ బాలుడే 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. భారతదేశం నాలుగవ స్థానం పొందినది. 1960లో రోములో హంగరీపైనా, పెరూపైనా గోలు చేసినాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. మరుసటి ఏడే రహీం కన్నుమూసినారు. బలరాం సైతం అనారోగ్యం వల్ల ఇరువదియేడేళ్ళకే ఆట మానవలసివచ్చినది.

ప్రతిభ ఉంటే తానే పైకి వస్తుందని మన పెద్దలంటారు. మేమంగీకరించము. ఆ రూపాయి లేకుంటే బలరాం అమ్ముగూడలోనే ఆగిపోయి ఉండేవాడు.

ఇది అనుభవం మీద చెప్పుతున్న మాట. కొన్నేళ్ళ క్రితం మా తరగతిలో ఒకడు వట్టికాళ్ళతో అద్భుతంగా ఆడేవాడు. సాయంత్రపు సాధనకు రావడం మానితే, క్రమశిక్షణ లేదని నలుగురిలో మందలించినాము. ఆట ముగిసేసరికి తన ఊరి బస్సు వెళ్ళిపోతుందని అతడు చెప్పలేదు; మేమడుగలేదు. చదువూ మానివేసినాడు. నిరుడు ఆటోనగరులో లారీల షెడ్డు వద్ద కనబడి, చేతుల గ్రీజు తుడుచుకొని సలాం చేసి, టీ తెప్పించినాడు. మేము జేబులో చేయి పెట్టేలోపే డబ్బు తానే ఇచ్చినాడు.