‘అల్’ మాటల అసలు ఇల్లు

బంజారా హిల్స్‌లోని మన ఇళ్ళలో భాషలకు కొదవ లేదు. బడిలో ఇంగ్లీషు, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఖుర్ఆన్ పారాయణంలో అరబీ. అందువల్లనే కాబోలు, ఇంగ్లీషులో ‘ఎ, ఎల్’ అక్షరాలతో మొదలయ్యే మాట కనబడగానే ‘ఇది మన అరబీదే’ అని పిల్లలు గర్వంగా అంటుంటారు. పెద్దలు కూడా కాదనరు. ఈ నెల ఆ మాటలను పరిశీలిద్దాం.

‘అల్’ అరబీలో నామవాచకానికి ముందు చేరే చిన్న పదం; ఇంగ్లీషు ‘ది’ వంటిది. ‘అస్సలాము’లో ఉన్నదీ అదే, ‘స’కారం ముందు దాని ‘ల’కారం లీనమైపోతుంది. 12వ శతాబ్దిలో స్పెయిన్‌లో అరబీ శాస్త్రగ్రంథాలు లాటిన్‌లోకి అనువాదమైనప్పుడు అనేక మాటలు ఈ ‘అల్’తో సహా తరలిపోయాయి.

‘ఆల్జీబ్రా’కు మూలం, 9వ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’. విరిగినదానిని అతకడమని దాని అర్థం. సమీకరణంలో తీసివేతగా ఉన్న రాశిని రెండవ వైపు చేర్చి, లోటు పూడ్చడాన్ని ఆయన అలా పిలిచారు. పాత స్పెయిన్‌లో ఎముకలు కట్టేవారిని ‘అల్జెబ్రిస్టా’ అనేవారు. మన పుత్తూరు కట్టు వైద్యులకు అక్కడ ఆ బిరుదే దక్కేది! ‘ఆల్గోరిథమ్’ ఖ్వారిజ్మీ పేరు నుంచే పుట్టింది.

‘ఆల్కహాల్’ దగ్గర కొందరు చిన్నబుచ్చుకుంటారు. మద్యానికి అరబీ పేరేమిటని వారి బాధ. నిజానికి ‘అల్ కుహ్ల్’ అంటే కంటికి పెట్టుకునే సుర్మా. ఐరోపావారు మొదట మెత్తని పొడిని, తరువాత ఏ పదార్థం నుంచైనా తీసిన సారాన్ని ఆ మాటతో పిలిచారు. ద్రాక్షమద్యం నుంచి తీసిన సారాన్ని 16వ శతాబ్దిలో పారాసెల్సస్ ‘ఆల్కహాల్ వినీ’ అన్నాడు. ఖుర్ఆన్ నిషేధించిన మత్తు పానీయానికి అరబీ మాట ‘ఖమ్ర్’. సుర్మాకు ఆ పాపంలో భాగం లేదు.

ఇంతవరకు సంతోషమే. కాని ‘ఆల్బమ్’ లాటిన్‌ది. తెలుపు అని దాని మూలార్థం. ‘ఆల్ఫాబెట్’ గ్రీకుది. ‘ఆల్మోస్ట్’, ‘ఆల్వేస్’ అచ్చమైన ఇంగ్లీషు మాటలు. ఫజ్ర్ నమాజుకు మనలను లేపే ‘అలారం’ ఆయుధాలు పట్టండి అనే ఇటాలియన్ కేక. మనం బట్టలు పెట్టుకునే అల్మారా కూడా అరబీది కాదు, పోర్చుగీసు ‘అర్మారియో’. ఇవన్నీ మనవేనని పిల్లలకు నేర్పితే, రేపు బడిలో నిఘంటువు వారిని నవ్వులపాలు చేస్తుంది. అప్పుడు ఆల్జీబ్రా గురించి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఖ్వారిజ్మీ తన లెక్కల పుస్తకంలో వివరించిన అంకెలు భారతీయులవని దాచుకోలేదు.

ఇక అరబీదై ఉండి కూడా ‘అల్’ ముసుగు మార్చుకున్న మాటలున్నాయి. ‘అడ్మిరల్’ చివర అది మిగిలింది, ముందున్నది ‘అమీర్’. ‘ఏప్రికాట్’ ఒకనాటి ‘అల్ బర్ఖూఖ్’. ఆ బర్ఖూఖ్ అరబీకి గ్రీకు మీదుగా లాటిన్ నుంచి వచ్చి, మళ్ళీ అరబీ నుంచి ఐరోపాకు చేరింది. హైదరాబాదు వలీమా విందులలో ఖుబానీ కా మీఠాగా వడ్డించేది ఆ పండునే.