పాయకి అడ్డంగా దోమతెర కట్టకండి

దసరా వెళ్ళింది. వరి ఈనింది, నీళ్ళు చూసుకోవడం తప్ప పెద్ద పని లేదు. సాయంత్రమైతే మనోళ్ళు బళ్ళ మీద వలలేసుకుని కోరింగ వైపు పాయలకి బయల్దేరుతున్నారు. వెళ్ళొద్దని నేననను (అభయారణ్యం హద్దు బయట పాయల సంగతే చెప్తున్నాను). గోదారి వరద తగ్గాక పోటు మీద ఉప్పునీరు మళ్ళీ పైకి ఎక్కుతుంది. దాని వెంట రొయ్య, రొయ్య వెంట పండుగప్ప. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, పాటూ పెద్దదే. పాటు మొదలయ్యాక పాయ మలుపులో విసురు వలేస్తే కూరకి సరిపడా పడుతుంది. గాలమైతే బతికున్న రొయ్యనే ఎర పెట్టండి.

నా గొడవంతా అడ్డం కట్టే వలతోనే. పోటు నిండాక ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దోమతెర కట్టేసి, పాటుకి నీళ్ళు దిగాక ఉన్నదంతా ఊడ్చుకొస్తున్నారు. వేలెడు పండుగప్ప పిల్ల, గోరంత పీత పిల్ల, రొయ్య పిల్ల. కూరకి పనికిరానివన్నీ గట్టు మీద పారబోత. కొంగలకి పండగ.

మడ అడవంటే సముద్రానికి నారుమడి అండీ. పండుగప్ప గుడ్లు పెట్టేది మొగ దగ్గర ఉప్పునీటిలో, పిల్ల పెరిగేది ఈ పాయల్లో, మడ వేళ్ళ మధ్య. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పండుగప్ప ముందు మగది. కొన్నేళ్ళు బతికి బాగా బరువెక్కాకే ఆడదవుతుంది. పిల్లప్పుడే ఊడ్చేస్తే గుడ్లు పెట్టే తల్లి ఎక్కడినుంచి వస్తుంది? మన నారుమడిలో పక్కోడి గేదె దిగితే ఎంత రభస చేస్తాం!

వేట నిషేధం ఉందిగా అంటారు. అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రం మీదకెళ్ళే మోటారు పడవలకి. ఇప్పుడు పాయలో పెరిగే పిల్లకి దానివల్ల ఒరిగేదేం లేదు. కార్తీకంలో చాలా ఇళ్ళల్లో నీచు ముట్టరు కదా, ఆ నెలైనా పాయకి విశ్రాంతి దొరకాలి. దొరకదు. మనం తినకపోయినా సరుకు పట్నానికి పోతుంది.

చెరువులున్నవాళ్ళకి ఒక మాట. ఏటి పిల్ల చవకని కొంటున్నారు. అది చిన్నాపెద్దా కలిసొస్తుంది, చెరువులో వేశాక పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఎన్ని వేశారో, ఎన్ని మిగిలాయో ఎవరైనా లెక్క రాశారా? పండుగప్ప పిల్లని హేచరీలో పుట్టించడం చెన్నైలోని సీబా వాళ్ళు 1997లోనే చేసి చూపించారు.

మనకి వరి ఉంది. పాయ మీద బతికే మత్స్యకారులకి ఆ పాయే పొలం. సరదాకి వెళ్ళి వాళ్ళ పొలం ఊడ్చేయడం నాకు నచ్చట్లేదు. ఈ అమావాస్యకి వెళ్ళేవాళ్ళు కన్ను పెద్దగా ఉన్న విసురు వల పట్టుకెళ్ళండి. అరచేతిలో ఇమిడే మండపీత పడితే నీళ్ళలోకే వదిలేయండి.