బొగ్గులన్నియు నొక్కటి కావు

మన చిత్తూరు సీమలోని యెఱ్ఱ గరపనేలలు నీటిని చాలకాలము నిలుపజాలవు. అందుచే తోటమళ్లలో బొగ్గుపొడి కలుపవలెనని పలువురు చెప్పుచున్నారు. మాట మంచిదే, కాని, యే బొగ్గని యడుగువారు అరుదు.

గాలి చొరనీయక కాల్చిన యీ బొగ్గునకు బయోచార్ అని పేరు. పొయ్యిబూడిద వేఱు, ఇది వేఱు. సర్కారుతుమ్మ కట్టెబొగ్గున కర్బనము మెండు, బూడిద తక్కువ. వరియూక బొగ్గున బూడిదయే విస్తారము. అందును ఇసుకజాతిదగు సిలికా యధికము. వేరుసెనగ పొట్టునే తీసికొందము: దానిని 350 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని కాల్చిన నొక గుణము, 600 డిగ్రీల కాల్చిన మఱొక గుణము. వేడిమి హెచ్చినకొలది చేతికి వచ్చు బొగ్గు తగ్గును. సన్నని రంధ్రములును క్షారగుణమును సాధారణముగా పెరుగును. ఆ క్షారము ఆమ్లగుణముగల నేలకు మందు, చౌడుపట్టిన మడికి చేటు.

క్రొత్త బొగ్గు నేలలోని నత్రజనిని కొంతకాలము పట్టియుంచవచ్చును గావున, పేడనీటిలో నానవేసి కలుపుట మేలు.

ఏ బొగ్గో యెఱుగక బస్తాలు కొని పాఠశాల తోటయంతట చల్లుట నాకు సమ్మతము గాదు. ముందు మట్టిని పరీక్ష చేయింపవలెను. పిమ్మట ఒక వంగమడిలో ఊకబొగ్గు, వేఱొకదానిలో కట్టెబొగ్గు కలిపి, మూడవదానిని ఊరక విడిచి, మూటికిని సమముగా నీరుపోసి, విద్యార్థులే కాపు తూచి వ్రాసికొందురుగాక.