వైద్యుని మాట: డేగ ఈక మార్చుకునే వేళ

ఈ శీర్షికలో మేము ఎప్పుడూ చక్కెర జబ్బు, రక్తపోటు, పిల్లల విరేచనాలు వంటివే రాస్తుంటాము. ఈ నెల డేగను గురించి రాస్తున్నామంటే కారణం ఉంది. చిమిండైంగ్‌లో మన కుర్రవాళ్లు కొందరు నిరుడు గూటి నుంచి పడిన జాలె డేగ పిల్లను తెచ్చి పెంచుతున్నారు. వాన పట్టినప్పటి నుంచి దాని ఈకలు రాలుతున్నాయి. "డాక్టరు బాబూ, తోక కూడా ఊడిపోతంది, ఏదన్నా మాత్ర రాసియ్యి" అని ఆ ఇంటి మామ్మగారు వచ్చారు. తడింజుట్ పున్నమికి దాన్ని వదిలి పుణ్యం కట్టుకోవాలని ఆమె కోరిక. మేము మనుషుల వైద్యులమే గానీ, ఈ సంగతిలో తెలిసినంత చెప్పక తప్పదనిపించింది.

ముందుగా, అది రోగం కాదు. ఒకసారి పెరిగి ముగిసిన ఈక మన గోరు కొసలాగా ప్రాణం లేని వస్తువు. అరిగినా విరిగినా తనంతట బాగుపడదు. అందుకే పక్షి ఏటా దాన్ని వదిలి కొత్తది తొడుక్కుంటుంది. ఒక్కొక్క రెక్కకు పది పెద్ద ఈకలు, తోకకు పన్నెండు. ఇవన్నీ ఒక్కసారి ఊడిపోవు. రెండు రెక్కలకూ సుమారు ఒకే వరుసలో, కొన్ని కొన్నిగా రాలుతాయి. జాలె డేగ జాతికి లోపలి ఈకతో మొదలై బయటికి సాగుతుంది. బైరి వంటి వాటికి నాలుగో ఈకతో మొదలై రెండు పక్కలకూ పోతుంది. అంతా ముగియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. మొదటిసారి ఈక మార్చే పిల్లకు ఛాతీ మీది నిలువు గీతలు పోయి అడ్డచారలు వస్తాయి. మామ్మగారి డేగకు ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుని వంశనామంలోని సాళువ అన్నది వేట డేగ పేరే. కుమావూను రాజు రుద్రదేవుడు సంస్కృతంలో రాసిన శ్యైనిక శాస్త్రాన్ని హరప్రసాద శాస్త్రి 1910లో కలకత్తాలో అచ్చువేయించారు. డేగల పోషణకు అందులో పెద్ద చోటే ఉంది. జాలె డేగ అన్న తెలుగు పేరును ఇంగ్లీషు పక్షిశాస్త్రంలోకి ఎక్కించినవాడు జెర్డన్. ఆయనా వైద్యుడే, నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. మా వృత్తివాళ్లు పిట్టల జోలికి పోవడం ఈనాటిది కాదని చెప్పడానికే ఈ ముక్క.

వేటగాళ్లు ఈ కాలంలో డేగను ఎగరేయరు. తూకం చూసి ఆకలితో ఉంచడం మానేసి, కడుపునిండా పెడతారు. ఎందుకో చెబుతాము. ఈక దాదాపు అంతా మాంసకృత్తే. అది పెరిగే రోజుల్లో పక్షి పస్తున్నా, భయపడినా, జబ్బుపడినా ఆ రోజు పెరిగిన భాగం బలహీనమై, ఈకకు అడ్డంగా సన్నని గీత పడుతుంది. తరువాత ఎప్పుడో ఈక సరిగ్గా అక్కడే విరుగుతుంది. పెద్ద జ్వరం వచ్చి తగ్గిన మనిషి గోళ్ల మీద అడ్డంగా గాడి పడటం చూసే ఉంటారు. బో అనే ఫ్రెంచి వైద్యుడు 1846లో వర్ణించాడు గనుక వాటికి ఆయన పేరే పెట్టారు. మన గోటి గాడి ఆరు నెలలలో పెరిగి పోతుంది. డేగ మాత్రం మళ్లీ ఈక మార్చేదాకా ఆ ఆకలి గీతను మోయాల్సిందే.

కాబట్టి వట్టి మాంసం ముక్కలు చాలవు. ఎముక, బొచ్చు, ఈకలతో సహా చిట్టెలుకో, కౌజుపిట్టో, కోడిపిల్లో పెట్టాలి. ఎముక లేని మాంసంతోనే పెంచిన పిల్లలకు కాళ్లు వంకరపోతాయి, మన పిల్లలకు వచ్చే రికెట్స్ వంటిదే. మింగిన బొచ్చును మర్నాడు ఉండగా కక్కితే కంగారుపడకండి, అది వాటి ధర్మం. స్నానానికి వెడల్పాటి పళ్లెంలో నీళ్లుంచండి.

కొత్త ఈక మొదట్లో మైనపు తొడుగులో, లోపల నెత్తురుతో ఉంటుంది. అది విరిగితే నెత్తురు కారుతుంది. సగం విరిగిన పాత మొదలు కనిపిస్తే కొత్తది త్వరగా వస్తుందని లాగేసేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఈక మొలిచే గుంట చెడితే వంకర ఈక వస్తుంది, లేదా అసలే రాదు. ఒట్టిగా వంగిన ఈకను వేడినీళ్లలో ముంచితే నిటారవుతుంది. విరిగినదానికి వెదురు పుల్లతో మరో ఈకను అతికే విద్య ఉంది. అది చేయి తిరిగినవాళ్ల పని.

పక్షిని చేతులతో పట్టుకోవడం ఎంత తగ్గిస్తే అంత మంచిది. బడి నుంచి వచ్చిన ప్రతి పిల్లవాడికీ చూపించాలనే సరదా మానండి. అన్నిటికంటే మాకు భయం ఇక్కడి తేమ. వానలు ఏటా నూరంగుళాలు కురిసే ఊరు మన రంగం. బూజు పట్టిన వరిగడ్డి, పాత చాప పక్షి గదిలో ఉంచితే ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం ఊపిరితిత్తుల్లో చేరి చంపుతుంది. గడ్డి తీసేయండి, గాలి ఆడనివ్వండి.

ఇక మామ్మగారు అడిగిన మాత్ర. మనకు పనికొచ్చే మందు పక్షికీ పనికొస్తుందనుకోకండి. నొప్పికి మేము రోజూ రాసే డైక్లోఫినాక్‌ను పశువులకు వాడగా, వాటి కళేబరాలు తిన్న రాబందులు ఇండియాలో మూత్రపిండాలు చెడి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. ఈకలు త్వరగా మారాలని థైరాయిడ్ మాత్ర ఇవ్వడమూ అంతే. ఈకలు త్వరగా రాలతాయి, వచ్చేవి నాసిగా వస్తాయి.

మామ్మగారికి మేము చెప్పింది ఇది. పున్నమి తిథిని కాదు, తోకను చూడండి. సగం తోకతో వదిలితే ఈ పేట కాకులు సాయంత్రంలోపు తరిమి చంపుతాయి. ఈక మొదట తొడుగు రాలిపోయి, కాడ ఎండి తెల్లబడి, గట్టిపడాలి. రెండు రెక్కలూ అలా అయ్యేదాకా ఆగండి. ఆపైన కూడా, బతికున్న ఎర మీదికి తనంతట దూకుతున్నదో లేదో కొన్నాళ్లు చూడాలి. మనిషి చేతి తిండికి అలవాటుపడ్డ పిల్ల ఒక్కరోజులో వేట నేర్వదు. తడింజుట్‌కు కాకపోతే తజౌండైంగ్ పున్నమికి వదలండి. అప్పటికీ ఈక గట్టిపడకపోతే ఆ పైనెల. మామ్మగారు ఇంకా ఆలోచిస్తున్నారు.